ఛార్జర్ గుచ్చగానే ఛార్జర్ లైటే ఆరిపోతోంది, ల్యాప్‌టాప్ పూర్తిగా డెడ్. బోర్డు మార్చాల్సిందేనా?

గోదారి_గట్టు:

అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి. మా అక్క కూతురి ల్యాప్‌టాప్ గురించి అడుగుతున్నా. కొని మూడేళ్లు దాటింది, వారంటీ ఎప్పుడో అయిపోయింది. పోయిన ఆదివారం సాయంత్రం కరెంటు రెండు మూడు సార్లు పోయి వచ్చింది, అప్పుడు అది ఛార్జింగులోనే ఉంది. రాత్రి అన్నం తిని వచ్చి ఆన్ చేస్తే ఉలుకూ లేదు పలుకూ లేదు. లైటు రాదు, ఫ్యాను తిరగదు. పిల్ల బీటెక్ మూడో ఏడు, ప్రాజెక్టంతా అందులోనే ఉందని ఒకటే ఏడుపు.

కంపెనీ సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే మూత కూడా తీయకుండానే మదర్‌బోర్డు మార్చాలి, 21,000 అవుతుంది అన్నారు. దానికి ఇంకొంచెం కలిపితే కొత్తదే వస్తుంది కదా. ఇంకో షాపులో చూపిస్తే అతను బోర్డు బయటికి తీసి మీటరు ముళ్లు పెట్టి, కుయ్‌మనే సౌండ్ నాకు వినిపించి, "చూశారా సార్, ప్రాసెసర్ షార్ట్. ఇక ఇది వేస్టు, కావాలంటే స్క్రాప్ కింద 1,500 ఇస్తా" అన్నాడు. మనసొప్పక వెనక్కి తెచ్చేసుకున్నా.

నేను డిప్లొమా ఈసీఈ చదివాను గానీ పదేళ్లుగా చేసేది ఎరువుల కొట్టు. ఇంట్లో డిజిటల్ మల్టీమీటరు, 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ ఉన్నాయి. ఛార్జర్ పిన్ దగ్గర కొలిస్తే 19.4 వోల్టులు బాగానే వస్తోంది. విచిత్రం ఏంటంటే ల్యాప్‌టాప్‌కి గుచ్చగానే ఛార్జర్ మీదున్న చిన్న లైటు ఆరిపోతుంది. గోడ ప్లగ్గు కూడా పీకి కాసేపాగి పెడితేనే మళ్లీ వెలుగుతుంది. నేను దీంట్లో చెయ్యి పెట్టొచ్చా, లేక 1,500 తీసుకుని దండం పెట్టేయాలా? బ్రాండు పేరు చెప్పను, చెబితే గొడవ అటు మళ్లిపోతుంది.

రాత్రి_డ్యూటీ:

ముందు చిన్నవి అయ్యాయా? బ్యాటరీ కనెక్టర్ తీసేసి, ఛార్జర్ లేకుండా పవర్ బటన్ 30 సెకన్లు నొక్కి పట్టుకుని, తర్వాత ఛార్జర్ ఒక్కటే పెట్టి చూడండి. నాది ఒకసారి అలాగే లేచి కూర్చుంది. వేరే ఛార్జర్‌తో కూడా చూడండి, కొన్ని అడాప్టర్లు ఖాళీగా కొలిస్తే 19 చూపిస్తాయి, లోడ్ పడగానే చతికిలబడతాయి.

గోదారి_గట్టు:

చేశానండి. పక్కింటాయన ఛార్జర్ అదే పిన్నుది, దాంతో కూడా అదే తంతు, లైటు ఆరిపోతోంది. నా ఛార్జర్ ఆయన ల్యాప్‌టాప్‌కి పెడితే శుభ్రంగా ఛార్జ్ అవుతోంది.

పార్క్‌లేన్_చిప్‌లెవెల్:

తమ్ముడూ, స్క్రాప్‌కి ఇవ్వకు. ఆ లైటు ఆరిపోవడంలోనే సగం జవాబుంది. ఛార్జర్ తనను తాను కాపాడుకోవడానికి మూసుకుంటోంది, అంటే బోర్డు మీద ఎక్కడో 19 వోల్టుల లైను నేలకి తగిలింది, షార్ట్. నేను సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీ పక్కన పద్నాలుగేళ్లుగా చిప్ లెవెల్ రిపేర్ చేస్తున్నా, అంటే బోర్డంతా మార్చకుండా దాని మీద పోయిన చిన్న పార్టునే మార్చడం. నన్నడిగితే డెడ్‌లన్నిట్లో ఇదే మంచి డెడ్. లైటు ఆరకుండా, షార్ట్ లేకుండా, అన్నీ బాగున్నట్టు కనిపిస్తూ లేవని బోర్డులుంటాయి చూడు, తల తినేవి అవి.

ఆ కుయ్ సౌండ్ సంగతి చెబుతా, ఎందుకంటే దీనివల్ల మంచి బోర్డులు ఎన్నో చెత్తబుట్టలో పడుతున్నయి. మీటరు బీప్ మోడ్‌లో సున్నా ఓమ్స్ ఉంటేనే కూస్తుందని అనుకుంటారు. కాదు. చాలా మీటర్లు 30, 50 ఓమ్స్ లోపు ఏది తగిలినా కూస్తయి. ప్రాసెసర్ కోర్ లైను బాగున్న బోర్డులో కూడా నేలకి కొన్ని ఓమ్స్ మాత్రమే చూపిస్తది, అది తినే కరెంటు అంత మరి. గ్రాఫిక్స్ చిప్ ఉంటే దాని కాయిల్ దగ్గర ఒక ఓమ్ కంటే తక్కువ కూడా వస్తది. అక్కడ ముళ్లు పెట్టి బీప్ వినిపించి ప్రాసెసర్ పోయిందనడం, పడుకున్నవాడి నాడి నెమ్మదిగా ఉందని పాడె కట్టడం లాంటిది. బీప్ వదిలేసి 200 ఓమ్స్ రేంజ్‌లో అంకె చూడు.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది. బ్యాటరీ తీసెయ్, ఛార్జర్ తీసెయ్, బోర్డు బయటికి తియ్యి. రెండు ముళ్లు ఒకదానికొకటి తాకించి ఎంత వస్తుందో రాసుకో, అది వైర్ల సొంత రెసిస్టెన్స్, తర్వాత తీసేసి లెక్క కట్టాలి. నల్ల ముల్లు స్క్రూ రంధ్రం చుట్టూ ఉండే వెండి రింగు మీద పెట్టు, అదే గ్రౌండ్. ఎర్రది ముందు జాక్ పాజిటివ్ మీద. తర్వాత జాక్ దాటాక ఎనిమిది కాళ్ల మోస్‌ఫెట్‌లు, అంటే కరెంటుకి స్విచ్చుల్లాంటివి, రెండు మూడు కనిపిస్తయి, వాటి తర్వాత కొంచెం లావుగా, మీద ఆర్010 అనో ఆర్005 అనో రాసి ఉన్న రెసిస్టర్ ఉంటది. ఛార్జర్ నుంచి ఎంత కరెంటు వస్తుందో బోర్డు దాని మీదనే కొలుచుకుంటది. దాని రెండు చివర్లూ కొలువు. ఆపైన ప్రాసెసర్ చుట్టూ ఉన్న కాయిల్స్, ర్యామ్ పక్క కాయిల్, 3, 5 వోల్టుల కాయిల్స్. అంకెలన్నీ ఇక్కడ పెట్టు. వేడి చేయకు, హాట్ ఎయిర్ జోలికి పోకు, ఎవరైనా ఒకసారి హీట్ కొట్టి చూద్దాం అంటే చెయ్యి పట్టుకో.

డేటా_ముందు:

బోర్డు సంగతి తర్వాత, ముందు పిల్ల ప్రాజెక్టు తీయండి మహాప్రభో! ఫైళ్లన్నీ ఉండే డిస్క్, ఎస్‌ఎస్‌డీ, చూయింగ్ గమ్ బిళ్లంత ఉంటుంది, ఒక్క స్క్రూ. యూఎస్‌బీ ఎన్‌క్లోజర్‌లో (డిస్క్ పెట్టుకునే చిన్న డబ్బా) పెట్టి వేరే కంప్యూటర్‌కి తగిలించండి. విండోస్ 11 అయితే బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) కీ అడగొచ్చు, 48 అంకెలు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి వాడుతుంటే చాలా వాటిలో డిస్క్ దానంతటదే లాక్ అయి ఉంటుంది, కీ ఆ అకౌంట్‌లోనే దొరుకుతుంది. బోర్డు మార్చినా సరే కీ అడుగుతుంది, ఎందుకంటే తాళం పాత బోర్డులోని చిప్‌తో ముడిపడి ఉంటుంది. సర్వీస్ సెంటర్ వాళ్లు ఈ ముక్క చెప్పరు, బోర్డు మార్చాక జనం తలలు పట్టుకుంటారు.

గోదారి_గట్టు:

డేటా గారూ, నోట్లో పంచదార పొయ్యాలి మీకు. కీ అడిగింది, పిల్ల కాలేజీ మెయిల్‌లో కాకుండా సొంత మెయిల్‌లో దొరికింది. ఫైళ్లన్నీ వచ్చేశాయి. ఏడుపు ఆగింది, ఇంట్లో ఇప్పుడు నాకు కాస్త ప్రశాంతంగా మీటరు పెట్టుకునే వీలు చిక్కింది.

అన్నా, అంకెలు ఇవి. ముళ్లు రెండూ తాకిస్తే 0.4. జాక్ దగ్గర 200 రేంజ్‌లో ఏమీ రాలేదు, 200 కిలో ఓమ్స్ రేంజ్‌లో పెడితే పైకి పెరుగుతూ పోతోంది. ఆర్010 రెండు వైపులా 0.7. ప్రాసెసర్ పక్క కాయిల్స్ మూడింటి దగ్గరా 5.2. ర్యామ్ పక్కది 90 చిల్లర. 3, 5 వోల్టులవి కిలో ఓమ్స్‌లో ఉన్నాయి. షాపు అతను వినిపించిన కుయ్ ఆ 5.2 దగ్గరే అని ఇప్పుడు అర్థమైంది.

నిజామాబాద్_నానో:

ఇంత చదువు ఎందుకు భయ్యా. షార్ట్ ఉన్నట్టు తేలింది కదా, 19 వోల్టులు డైరెక్టుగా ఆ రెసిస్టర్ మీద పెట్టెయ్, ఏది పొగొస్తే అదే దొంగ. నేను మూడు బోర్డులు అట్లనే లేపిన. ఇదంతా కరెంటు హెచ్చుతగ్గుల పని, ఐసీ ఏదో కాలిపోయి ఉంటది.

పార్క్‌లేన్_చిప్‌లెవెల్:

నానో భయ్యా, మూడు లేపినవ్ సరే, ఎన్ని పడుకోబెట్టినవో కూడా చెప్పు 😀

తమ్ముడూ, నీ అంకెలు చక్కగా ఉన్నయి. 0.7 లోంచి 0.4 తీస్తే 0.3 ఓమ్, గట్టి షార్ట్, మెయిన్ లైను మీద. జాక్ వైపు షార్ట్ లేదు, అంటే ముందున్న మోస్‌ఫెట్‌లు మూసి ఉన్నయి. ఛార్జర్ పెట్టినప్పుడు ఛార్జింగ్ ఐసీ 19 వచ్చిందని చూసి గేటు తెరుస్తుంది, తెరవగానే షార్ట్ తగిలి ఛార్జర్ ఆరిపోతోంది. అంటే ఆ ఐసీ కూడా బతికే ఉన్నట్టు లెక్క.

ఈ 19 లైను బోర్డంతా పాకి ఉంటది. ప్రాసెసర్‌కీ, ర్యామ్‌కీ, 3, 5 వోల్టులు తయారు చేసే ఐసీకీ, స్క్రీన్ బ్యాక్‌లైట్‌కీ అన్నిటికీ మొదలు ఇదే. డిస్‌ప్లే కేబుల్ పీకేసి ఒకసారి కొలువు, షార్ట్ పోతే స్క్రీన్ వైపు. పోకపోతే రెండే ముఖ్యమైన అనుమానాలు. ఒకటి, ఈ లైను మీద గోధుమరంగు సెరామిక్ కెపాసిటర్లు గుంపులుగా ఉంటయి, అందులో ఒకటి లోపల పగిలి షార్ట్ అవడం. రెండు, ప్రాసెసర్ కాయిల్ ముందు 19 లైను వైపు ఉండే పై మోస్‌ఫెట్ షార్ట్ అవడం. రెండోదే ప్రమాదం. అది షార్ట్ అయి ఉండగా నానో చెప్పినట్టు 19 కొడితే, ఒక వోల్ట్ తాగే ప్రాసెసర్‌కి 19 తాగించినట్టే. పొగ వస్తది, దొంగ దొరకడు, ఇల్లు కాలిపోతది.

అందుకే కొట్టేది ఒక్క వోల్ట్. అది ప్రాసెసర్ లైను దాకా పోయినా దానికి అలవాటైన వోల్టేజే కాబట్టి నష్టం ఉండదు. అయినా ముందు ఎర్ర ముల్లు ఆర్010 మీద, నల్లది ప్రాసెసర్ కాయిల్ మీద పెట్టి చూడు. సుమారు 5 వస్తే మోస్‌ఫెట్ బాగుంది. సున్నా దగ్గరకొస్తే ఆగిపోయి ఇక్కడ చెప్పు.

నీ దగ్గర బెంచ్ సప్లై, అంటే వోల్టేజి కావలసినంత పెట్టుకునే డబ్బా, ఉండదు. 5 ఆంప్స్ బక్ కన్వర్టర్ (వోల్టేజి దించేది) మాడ్యూల్ దొరుకుతది, వోల్టేజికీ కరెంటుకీ విడివిడిగా స్క్రూలు ఉండేది, రెండు మూడొందలు. బోర్డుకి కలపకముందే దాన్ని 1.25కి దించు, ఇంతకంటే దిగదు, పర్లేదు. వైర్లు రెండూ కలిపి షార్ట్ చేసి కరెంటు 3 ఆంప్స్ దగ్గర ఆపు. వైర్లు లావువి వాడు, సన్నవైతే వేడంతా అక్కడే తగలడతది. 0.3 ఓమ్ గుండా 3 ఆంప్స్ పోతే మూడు వాట్లకి కొంచెం తక్కువ, అదంతా ఆవగింజంత కెపాసిటర్‌లో. కాలక ఏం చేస్తది. బోర్డు మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పల్చగా పూసి చూడు, ఎక్కడ ముందు ఆరితే అక్కడ.

కరెంటు హెచ్చుతగ్గుల గురించి మాత్రం నాకు నమ్మకం లేదు. ఛార్జర్ 100 నుంచి 240 దాకా తట్టుకునేలా కట్టింది, గట్టి దెబ్బ తగిలితే ముందు అదే పోవాలి, నీది బాగుంది. సెరామిక్ కెపాసిటర్ ఎక్కువగా పగిలేది బోర్డు వంగినప్పుడు. ఒక మూల పట్టుకుని లేపడం, కింద పడటం, బిగుసుకుపోయిన హింజ్ (మూత కీలు). ఆ రోజు సన్నగా చీలింది ఆరు నెలలకి షార్ట్ అవ్వొచ్చు.

కరీంనగర్_కోడర్:

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. నాది కూడా డెడ్డే కానీ ఛార్జర్ లైటు ఆరదు. టైప్-సీ ఛార్జింగ్. ఎక్కడ మొదలుపెట్టాలి?

పార్క్‌లేన్_చిప్‌లెవెల్:

వేరే పోస్టు పెట్టుకుంటే బాగుండేది, సరే. టైప్-సీకి వోల్టేజి చూపించే చిన్న యూఎస్‌బీ మీటరు కొను. ఛార్జర్ ముందు 5 వోల్టులే ఇస్తది, బోర్డుతో మాట్లాడాక 20కి ఎక్కుతది. 5 దగ్గరే ఆగిపోతే ఆ మాటలు కుదరలేదన్నమాట, పోర్టూ దాని పక్కన ఉండే పీడీ ఐసీ (ఛార్జర్‌తో ఆ మాటలాడే చిప్) చూడాలి. 20 వస్తుంటే బోర్డు లేచే వరస పట్టుకో. బటన్ నొక్కకముందే 3, 5 వోల్టులు సిద్ధంగా ఉండాలి. అవి ఉంటే ఈసీ అనే చిప్ మేలుకుంటది. గోదారి తమ్ముడి ఎరువుల కొట్లో గుమస్తా లాంటిది అది, వచ్చి తాళం తీస్తే తప్ప షట్టర్ లేవదు. బటన్ పిన్ దగ్గర 3.3 ఉండి, నొక్కగానే సున్నాకి పడాలి. పడుతున్నా ఏ కదలికా లేదంటే ఈసీ, బయాస్, చిప్‌సెట్ ముగ్గురిలో ఒకరు. బయాస్ అంటే బోర్డు లేచే ప్రోగ్రామ్ ఉండే ఎనిమిది కాళ్ల చిప్, ప్రోగ్రామర్‌తో (చిప్‌ని చదివి రాసే పరికరం) పాతది చదివి దాచుకోకుండా కొత్తది ఎక్కించకు, కొన్ని బయాస్ చిప్‌లు 1.8 వోల్టులవి ఉంటయి, వాటికి 3.3 పెడితే ఖతం. బోర్డు మీద నంబర్ చూసి స్కీమాటిక్ (సర్క్యూట్ పటం) వెతుక్కో, ఆ నంబర్ బోర్డు తయారుచేసిన కంపెనీని చెబుతది, ఎల్ఏ- తో మొదలైతే కంపాల్, డీఏ0 అయితే క్వాంటా, ఎన్ఎం- అయితే లెనోవో సొంత ఫ్యాక్టరీది. అది లేకుండా ఈ పని చీకట్లో బాణం.

గోదారి_గట్టు:

అన్నా, లేచింది!!

వరసగా చెబుతా. డిస్‌ప్లే కేబుల్ తీసినా 0.7 అలాగే ఉంది. ఆర్010 నుంచి ప్రాసెసర్ కాయిల్‌కి 5.5 వచ్చింది, మీరన్నట్టు మోస్‌ఫెట్ బాగున్నట్టే అనుకుని ధైర్యం చేశా. మాడ్యూల్ 1.25కి దించి, 3 ఆంప్స్ దగ్గర ఆపి, రెసిస్టర్ మీద వైరు నొక్కిపట్టా. మొబైల్ రిపేర్ కుర్రాడి దగ్గర ఆ ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తెచ్చి దూదితో పూశా. మొదట ఏమీ కనిపించలేదు, ఎక్కువ పోసేశా. తుడిచి మళ్లీ పల్చగా పూస్తే పది సెకన్లు కూడా పట్టలేదు, దోసెపెనం మీద నీళ్లు చిలకరించినట్టు ఒక్కచోట బొట్టంత జాగా ఆరిపోయి తెల్లగా తేలింది. ఐదు కెపాసిటర్లు వరసగా ఉన్నాయి, చివరిది, హింజ్ వైపుది. నమ్మకం కుదరక వేలు పెట్టా, చురుక్కుమంది, వేలి మీద దాని ఆకారం ఇంకా ఉంది. ఫోన్ కెమెరా జూమ్ చేసి చూస్తే ఒక చివర వెంట్రుకంత గీత.

తీయడం మాత్రం నరకం. 25 వాట్ల ఐరన్‌కి అది కరగదు, గ్రౌండ్ వైపు రాగి అంతా వేడి లాగేసుకుంటోంది. ఆ కుర్రాడి ఐరన్ కూడా అరువు తెచ్చి, ఫ్లక్స్ పెట్టి, రెండు వైపులా రెండూ ఒకేసారి పెడితే జారి వచ్చింది. వెంటనే కొలిచా, 200 రేంజ్‌లో ఏమీ లేదు. అప్పుడు గుండె కొట్టుకోవడం నాకే వినిపించింది.

ఛార్జర్ పెడితే లైటు ఆరలేదు. కాయిల్స్ దగ్గర 3.3, 5.1. బటన్ నొక్కితే ఫ్యాను తిరిగింది గానీ స్క్రీన్ నల్లగానే ఉంది, అయిపోయింది, ఇంకేదో పోగొట్టాననుకున్నా, నిమిషం దాకా టెన్షన్, తర్వాత లోగో వచ్చింది. డేటు మాత్రం ఎప్పటిదో చూపించింది.

ఇప్పుడు ఆ కెపాసిటర్ లేకుండా వాడొచ్చా?

పార్క్‌లేన్_చిప్‌లెవెల్:

శెభాష్. బ్యాటరీలు తీశావు కదా, బయాస్ పాత సంగతులు మర్చిపోయి ర్యామ్‌ని మొదటి నుంచీ పరిచయం చేసుకుంది, అందుకే ఆ నిమిషం. నాలుగు మిగిలాయి కాబట్టి నడుస్తది, కానీ అలాగే వదలకు, ఐదుగురు మోసే బరువు నలుగురి మీద పడుతుంది. కొత్తది కొనేటప్పుడు దాని మీద ఏమీ రాసి ఉండదు, తికమక. స్క్రాప్ ల్యాప్‌టాప్ బోర్డు ఒకటి తెచ్చుకో, దాని 19 లైను మీద అదే సైజుది పీకి, షార్ట్ లేదని కొలిచి వెయ్యి. ఆ లైను మీద ఉండేవి సాధారణంగా 10 మైక్రోఫారడ్, 25 వోల్టులవి. 3 వోల్టుల లైను మీదది మాత్రం తెచ్చి వేయకు, సైజు ఒకటే ఉన్నా 19కి ఆగదు.

హింజ్ వైపుది అన్నావు. మూత బిగించేముందు ఆ మూల ఒకసారి చూడు.

నిజామాబాద్_నానో:

సరే ఒప్పుకుంటున్న, ఒక్క వోల్టే గెలిచింది. నాలుగో బోర్డు అట్లనే చూస్తా.

గోదారి_గట్టు:

చూశానన్నా. ఆ మూల బోర్డుని పట్టుకునే స్క్రూ వదులుగా ఊగుతోంది, కింద దాని ఇత్తడి గుండీ ప్లాస్టిక్‌తో సహా ఊడిపోయి ఉంది. మూత తెరిచినప్పుడల్లా హింజ్ ఆ మూలని పైకి లాగుతోంది. పిల్లని కూర్చోబెట్టి అడిగితే వేసవి సెలవులకి ముందు హాస్టల్ మంచం మీద నుంచి ఒకసారి పడిందట, మామయ్య తిడతాడని చెప్పలేదట. ఎపాక్సీ పెట్టి గుండీ అతికించా, ఆరుతోంది. స్క్రాప్ బోర్డు కోసం అదే 1,500 షాపు అతనికి ఫోన్ చేశా, రెండొందలకి ఇస్తానన్నాడు, రేపు వెళ్లి తెచ్చుకుంటా.